మంచాన పడిన పెద్దలను ఆశ్రమంలో చేర్చే ముందు, చేర్చిన తరువాత చూడవలసినవి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు వంటి పట్టణాలలో పిల్లలందరూ చెన్నైలోనో బెంగళూరులోనో విదేశాలలోనో స్థిరపడి, పెద్దవాళ్ళు మాత్రమే మిగిలిన ఇళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. ఆ ఇద్దరిలో ఒకరు పక్షవాతం వల్లనో తుంటి ఎముక విరగడం వల్లనో మంచాన పడిన రోజున, వృద్ధాశ్రమం అన్న మాట ఆ ఇంట్లో మొదటిసారి వినబడుతుంది. మా ఇంట్లోనూ అలాగే వినబడింది. కనిగిరి ప్రాంతపు పల్లెలో జీవితమంతా గడిపిన మా నాయనకు కుడి వైపు పడిపోయి, మాట కూడా పోయింది. ఆయన కోసం మేము వెంటవెంటనే రెండు ఆశ్రమాలు చూడవలసి వచ్చింది. మొదటిదాన్ని భవనం చూసి ఎంచుకున్నాము, రెండవదాన్ని అక్కడి రోగుల ఒంటిని చూసి ఎంచుకున్నాము. ఈ రెండింటికీ ఉన్న తేడా ఇంకొక కుటుంబానికి ముందే తెలియాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది ఆశ్రమం ఏ రకానిది అన్న విషయం. మన వైపు వృద్ధాశ్రమాలు అని పిలిచేవాటిలో చాలా వరకు తమ పనులు తాము చేసుకోగలిగిన వారికి ఉండడానికి చోటు, వేళకు భోజనం, తోడు ఇచ్చేవి మాత్రమే. నడవగలిగిన వారికి అవి ఎంతో మంచివి కావచ్చు. కానీ డైపరు మార్చవలసిన వారికి, యూరిన్ బ్యాగు ఉన్న వారికి, ముక్కు గొట్టం ద్వారా ఆహారం తీసుకునే వారికి, ఇన్సులిన్ వేయవలసిన వారికి నర్సు ఉన్న చోటు కావాలి. ఫోనులో అడిగితే చాలామంది "అన్నీ చూసుకుంటామండీ" అంటారు కనుక, ప్రశ్నను విడగొట్టి అడగాలి. ప్రస్తుతం మీ దగ్గర లేవలేని వారు ఎందరు ఉన్నారు, వారికి పగలు ఎందరు ఆయాలు, రాత్రి ఎందరు, అర్హత ఉన్న స్టాఫ్ నర్సు ఏ గంట నుంచి ఏ గంట వరకు ఉంటారు, ఇంజక్షన్ ఎవరు వేస్తారు అని అడిగి, ఆ జవాబులను అప్పుడే కాగితం మీద రాసుకోవాలి. తరువాత స్వయంగా వెళ్ళినప్పుడు ఆ కాగితంతో పోల్చి చూస్తే సగం సంగతి అక్కడే తేలిపోతుంది.

చర్మం చెప్పే సాక్ష్యం

మొదటి ఆశ్రమంలో వరండా నిండా పూలకుండీలు ఉండేవి, గచ్చు అద్దంలా మెరిసేది, లోపలికి అడుగు పెడితే అగరుబత్తి వాసన వచ్చేది. ఏడవ వారం ఒక ఆదివారం నేను నాయన పక్కన కూర్చున్నప్పుడు, పౌడరు వాసన కింద మరొక వాసన తగిలింది. పంచె తొలగించి చూస్తే ముడ్డిపూస మీద పది రూపాయల నాణెమంత పుండు ఉంది. పైకి కనిపించింది అంతే అయినా, ఆసుపత్రిలో డాక్టరు గాజుగుడ్డ లోపలికి పెట్టి చూపించినప్పుడు చర్మం కింద వేలు పట్టేంత బొరియ ఉన్నదని తెలిసింది. ఆశ్రమం వారి రిజిస్టరు తెరిపిస్తే, రెండు గంటలకు ఒకసారి ఒత్తిగిలించినట్లు ప్రతి గడిలోనూ టిక్కులు ఉన్నాయి. అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉన్నాయి. మేము చూసినది మధ్యాహ్నం మూడు గంటలకు, కానీ ఆ రోజు రాత్రి పది గంటల గడి కూడా అప్పటికే నిండి ఉంది.

అందువల్ల చర్మాన్ని స్వయంగా చూసుకోవడం నేర్చుకోవాలి. ఇది కష్టమైన విద్య కాదు. ఎముకకూ పరుపుకూ మధ్య నలిగిన చోట రక్తప్రసరణ ఆగిపోవడం వల్ల పడక పుండు పుడుతుంది కనుక, ఎముక పైకి పొడుచుకు వచ్చే చోట్లన్నీ చూడాలి. వెల్లకిలా పడుకునే వారికి ముడ్డిపూస, మడమలు, మోచేతులు, తల వెనుక భాగం. పక్కకు పడుకునే వారికి తుంటి, చీలమండ, చెవి అంచు. ఆక్సిజన్ గొట్టం పెట్టుకున్న వారికి చెవి వెనుక మడత. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదిలినప్పుడు తెల్లబడి మళ్ళీ ఎరుపెక్కితే రక్తం ఇంకా ఆడుతున్నదని అర్థం. నొక్కినా తెల్లబడకుండా ఎరుపు అలాగే ఉంటే అది పుండుకు మొదటి మెట్టు. మన నల్లని, చామనఛాయ ఒళ్ళ మీద ఎరుపు తేలికగా కనబడదు. అటువంటప్పుడు వేలి వెనుక భాగంతో తాకి, చుట్టూ ఉన్న చర్మం కంటే ఆ చోటు వేడిగా ఉందా, గట్టిగా ఉందా, లేక మెత్తగా నానినట్లు ఉందా అని పోల్చుకోవాలి.

అన్నిటిలోకీ మడమను ముందు చూడమని నేను చెబుతాను. ముడ్డిపూస చూడాలంటే బట్ట తొలగించాలి, దానికి ఆయా సాయం, తెర, ఆ మనిషి అంగీకారం అన్నీ కావాలి. మడమ చూడడానికి దుప్పటి ఎత్తితే చాలు. జాగ్రత్త ఉన్న ఆశ్రమంలో పిక్కల కింద దిండు పెట్టి, మడమలు పరుపుకు తగలకుండా గాలిలో ఉంచుతారు. ఆ ఒక్క దిండు ఉందంటే అక్కడ ఎవరికో పని తెలుసునని అర్థం.

మంచాన పడిన వారిని సాధారణంగా రెండు గంటలకు ఒకసారి పక్క మార్చాలి. పూర్తిగా తుంటి మీద పడుకోబెట్టకుండా, వీపు వెనుక దిండు పెట్టి 30 డిగ్రీల వాలులో ఉంచడం మంచిది. గాలి పరుపు వేసినంత మాత్రాన ఈ పని తప్పదు. గాలి పరుపు ఉన్న చోట మోటారు నడుస్తున్నదో లేదో చూసి, మనిషి నడుము కిందుగా పరుపు అడుగున అరచేయి జొనిపి చూడాలి. ఒంటి బరువు చేతికి తెలిసిందంటే అందులో గాలి చాలలేదు. ఎర్రబడిన చోట స్పిరిటు, పౌడరు వేసి మర్దన చేయడం, నడుము కింద గుండ్రటి రబ్బరు ట్యూబు పెట్టడం ఒకప్పుడు అందరూ చేసినవే అయినా, వాటివల్ల మేలు కంటే హాని ఎక్కువని ఇప్పుడు తెలిసింది. ఎక్కడైనా ఇంకా అవి చేస్తుంటే మర్యాదగా వద్దని చెప్పాలి.

పుండు పడిన తరువాత అది మానడానికి కట్టు ఎంత అవసరమో తిండి కూడా అంత అవసరం. కిలో బరువుకు రోజుకు 1.25 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు అందాలని వైద్యులు చెబుతారు. అంటే 50 కిలోల మనిషికి 62 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే కనుక, పలుచని చారన్నంతో ఈ లెక్క ఎప్పటికీ పూర్తి కాదు. పప్పు, పెరుగు, గుడ్డు, చేప పూటపూటకూ ఉండాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి మాత్రం ఈ లెక్క డాక్టరే చెప్పాలి.

నోరు, నీళ్ళు, ముద్ద

రెండవసారి ఆశ్రమాలు చూడబోయినప్పుడు నేను భోజనం వేళకు వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక చోట పన్నెండు మందికి ఒకే ఆయా నిలబడి ముద్దలు పెడుతూ పోతున్నది. ఆమె తప్పు అందులో ఏమీ లేదు, ఆమెకు ఉన్నవి రెండు చేతులే. కానీ మంచం మీద సగం వాలి ఉన్న మనిషి నోట్లో, ముందు ముద్ద మింగారో లేదో చూసుకోకుండా రెండవ ముద్ద పెడితే అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. పక్షవాతం వచ్చిన వారిలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. తినేటప్పుడు వారిని నిటారుగా కూర్చోబెట్టాలి. పెట్టేవారు వారి కళ్ళ ఎత్తులో కూర్చుని, బాగున్న వైపు నుంచి, చిన్న చెంచాతో పెట్టాలి. తిన్న తరువాత కనీసం అరగంట పడుకోబెట్టకూడదు. నీళ్ళు తాగగానే దగ్గు రావడం, మింగిన తరువాత గొంతు తడిగా గరగరలాడడం కనబడితే, అవి మింగుడు సరిగా పడడం లేదన్న గుర్తులు. ఆ సంగతి అదే రోజు నర్సుకు చెప్పి డాక్టరుకు చూపించాలి.

భోజనం అయ్యాక చిన్న టార్చి వేసి నోటిలోపల చూడండి. పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో తరచు స్పర్శ తగ్గుతుంది కనుక, అన్నం ముద్ద అక్కడే నిలిచిపోయి సాయంత్రం వరకు ఉంటుంది. మా నాయన బుగ్గలో ఒకసారి పొద్దుటి ఇడ్లీ ముక్క మధ్యాహ్నం రెండు గంటలకు దొరికింది. నాలుక మీద తెల్లని పేరుడు, పెదవుల పగుళ్ళు, కట్టుడు పళ్ళు రాత్రిపూట కూడా తీయకుండా ఉంచడం, ఇవన్నీ పని జరగడం లేదని నోరు చెప్పే మాటలు.

నీళ్ళ విషయంలో చూడవలసినది గ్లాసు ఎక్కడ ఉన్నదన్నదే. కుడి చేయి పడిపోయిన మనిషికి కుడి వైపు బల్ల మీద నిండు గ్లాసు పెట్టి వెళ్తే, ఆ గ్లాసు సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటుంది. వయసు మీద పడిన వారికి దప్పిక తెలియడం తగ్గిపోతుంది కనుక అడిగితే "వద్దు" అంటారు. గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల డాక్టరు తగ్గించమంటే తప్ప, రోజుకు సుమారు లీటరున్నర ద్రవం లోపలికి పోయేలా గంట గంటకూ కొద్దికొద్దిగా ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల్లో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వీచే వడగాలికి అది కూడా చాలదు. పై అంతస్తులో, ఎండకు కాలే స్లాబు కింద మంచాన పడిన వారిని ఉంచిన ఆశ్రమాన్ని వేసవి మధ్యాహ్నం ఒకసారి చూడకుండా ఒప్పుకోకండి. మూత్రం ముదురు రంగులోకి మారడం, ఉన్నట్టుండి మాట తడబడడం, మనుషులను గుర్తుపట్టకపోవడం వంటివి జరిగితే వయసుతో వచ్చే చాదస్తమని సరిపెట్టుకోకూడదు. ఒంట్లో నీరు తగ్గినా, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా అలాగే జరుగుతుంది.

నెలకు ఒకసారి బరువు తూచి రాయమని అడగండి. ఒక నెలలో 5 శాతం, ఆరు నెలల్లో 10 శాతం తగ్గితే అది వెంటనే వైద్యునికి చూపవలసిన విషయం.

కనిగిరి వైపు వారికి ఒక ప్రత్యేకమైన జాగ్రత్త

పాత ప్రకాశం జిల్లా పశ్చిమ మండలాల్లో, ముఖ్యంగా కనిగిరి ప్రాంతంలో, దశాబ్దాలుగా ఫ్లోరైడు నీళ్ళు తాగిన పెద్దల వెన్నుపూస, మెడ, మోకాళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. నాయనను ఒత్తిగిలించేటప్పుడు ఆయన మూలిగితే, మొదటి ఆశ్రమంలో దాన్ని మొండితనం అనుకున్నారు. "తాతా, కొంచెం వంగు" అని వాళ్ళు అడిగిన వంపు ఆయన మెడలో పదిహేనేళ్ళ నుంచీ లేదు. ఇటువంటి వారిని చేయి పట్టి లాగకుండా, నడుము కింద అడ్డంగా దుప్పటి మడత వేసి, ఇద్దరు మనుషులు రెండు వైపులా పట్టుకుని, దుంగను దొర్లించినట్లు ఒంటినంతా ఒకేసారి తిప్పాలి. చేర్చే రోజునే ఈ సంగతి కేసు షీటులో రాయించండి.

రాత్రి

పగటి సంరక్షణను ఎవరైనా చూపగలరు. రాత్రి రెండు గంటలకు ఎవరు మేల్కొని ఉన్నారన్నదే అసలు ప్రమాణం. వీలైతే చేర్చిన మొదటి రెండు రాత్రులు అక్కడే ఉంటామని అడగండి. అందుకు ఒప్పుకోని చోటు గురించి మరొకసారి ఆలోచించండి. దూరాన ఉన్నవారు చుట్టాలలో ఒకరిని చెప్పకుండా రాత్రి తొమ్మిది గంటలకూ, తెల్లవారుజామున ఐదు గంటలకూ పంపవచ్చు. పిలుపు గంట చేతికి అందేలా ఉందా, నొక్కితే ఎంతసేపటికి వస్తారు, మరుగుదొడ్డికి పోయే దారిలో దీపం ఉందా, కమోడు పక్కన పట్టుకోవడానికి కమ్మీ ఉందా అన్నవి అప్పుడే తెలుస్తాయి. మంచం దిగుతారన్న భయంతో చేతులు కట్టేయడం ఎక్కడ కనిపించినా అది సంరక్షణ కాదు, మనుషుల కొరతను తాడుతో పూడ్చడం. దానికి బదులు మంచం ఎత్తు తగ్గించడం, నేల మీద పరుపు వేయడం, రాత్రి పడుకునే ముందు మూత్రానికి తీసుకువెళ్ళడం చేయవచ్చు.

ఎవరైనా పడిపోతే గభాలున లేపి కూర్చోబెట్టకూడదు. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగి ఉండవచ్చు. తలకు దెబ్బ తగిలిన మనిషి రక్తం పలుచబరిచే మందులు వాడుతుంటే, పైకి ఏమీ లేకపోయినా ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూతి వంకర పోవడం, చేయి జారిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందుకు నాలుగున్నర గంటలే గడువు కనుక వెంటనే 108కు ఫోను చేయాలి. ఈ మూడు సందర్భాలలో ఏమి చేస్తారని రాత్రి డ్యూటీ ఆయానే నేరుగా అడగండి. మేనేజరు చెప్పే జవాబు అప్పుడు పనికిరాదు.

మందుల విషయంలో ఒక్కటి చూస్తే చాలా వరకు తెలుస్తుంది. ఇన్సులిన్ వేసే వారికి భోజనం సిద్ధమైన తరువాత వేస్తున్నారా, లేక ఆరున్నరకే అందరికీ వేసి ఎనిమిదికి అన్నం పెడుతున్నారా అన్నది గమనించండి. షుగరు 70 కంటే తగ్గితే, స్పృహలో ఉండి మింగగలిగిన వారికి మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. మింగలేని వారి నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తరలించాలి. ఇన్సులిన్ సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, తలుపు అరలోనో మంచు గడ్డ పక్కనో కాదు.

నవంబరు, డిసెంబరు వానలకు ఆశ్రమం ఎలా సిద్ధపడుతుందో కూడా అడగాలి. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరద నెల్లూరులో ఎన్ని ఇళ్ళను ముంచిందో చూసినవారికి ఈ ప్రశ్న వింతగా అనిపించదు. జనరేటరు ఎన్ని గంటలు నడుస్తుంది, ఆక్సిజన్ యంత్రం, గాలి పరుపు, ఫ్రిజ్ ఈ మూడూ దానికి కలిపి ఉన్నాయా, నీళ్ళు వస్తే లేవలేని వారిని ఎవరు, ఎక్కడికి మోస్తారు అన్నది ముందే తెలిసి ఉండాలి.

కాగితాలు, డబ్బు

నెలకు ఎంత అన్నదాని కంటే, అందులో ఏమేమి కలిసి ఉన్నాయన్నది ముఖ్యం. డైపర్లు, కట్లు, డాక్టరు వచ్చిపోయే ఫీజు, ఆసుపత్రికి తోడు మనిషి విడిగా ఎంతెంత అవుతుందో రాతలో తీసుకోండి. మనిషి ఆసుపత్రిలో ఉన్న రోజులకు లెక్క ఎలా, మరణించినా మానేసినా అడ్వాన్సు ఎన్నాళ్ళలో తిరిగి ఇస్తారు, జబ్బు ముదిరితే ఉంచుకుంటారా, పంపేస్తారా అన్నవి కూడా ఆ కాగితంలో ఉండాలి. ఒంటి మీది బంగారం ఇంటికి తెచ్చుకోండి. ఏటీఎం కార్డు, పాసు పుస్తకం, పింఛను డబ్బు ఆశ్రమం చేతిలో పెట్టకండి.

ఆస్తి విషయంలో పెద్దలకు చెప్పవలసిన మాట ఒకటి ఉంది. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, పోషణ చూస్తారన్న షరతుతో రాసిచ్చిన దానపత్రాన్ని ఆ షరతు తప్పినప్పుడు రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను కోరవచ్చు. ఆ షరతు పత్రంలోనే స్పష్టంగా రాసి ఉంటే వాదన నిలబడుతుంది కనుక, పిల్లలకైనా ఎవరికైనా రాసిచ్చేటప్పుడు ఆ వాక్యం తప్పనిసరిగా రాయించాలి. మన రాష్ట్రంలో ఈ ట్రిబ్యునల్ బాధ్యత ఆర్డీవోది. 60 ఏళ్ళు నిండి తమను తాము పోషించుకోలేనివారు పిల్లల నుంచి పోషణ ఖర్చు కోసం కూడా అక్కడే అర్జీ పెట్టుకోవచ్చు, చట్టం ప్రకారం అది నెలకు 10,000 రూపాయల వరకు ఉంటుంది.

లోపం కనబడినప్పుడు

మొదట ఫొటో తీయండి, తేదీ కనబడేలా. ఆ తరువాత మేనేజరుకు కోపం లేని భాషలో, ఏ రోజు ఏమి చూశారో, ఎప్పటిలోగా ఏమి మారాలో రాసి ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆయాల మీద అరవకండి. మీరు వెళ్ళిపోయిన తరువాత మీ నాయనను ఒత్తిగిలించవలసిన చేతులు అవే. తక్కువ జీతానికి ఎక్కువ మంచాలు మోసే ఆ ఆడవాళ్ళ పేర్లు తెలుసుకుని, పండుగకు చీర పెట్టి, చేసిన మంచి పనిని మేనేజరు ముందే చెప్పండి.

మారకపోతే వృద్ధుల సహాయ కేంద్రం 14567కు ఫోను చేయవచ్చు. అది ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పని చేస్తుంది. కలెక్టరు కార్యాలయంలో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వవచ్చు. డబ్బు చెల్లించి పొందే సేవలో లోపం కనుక జిల్లా వినియోగదారుల కమిషన్‌కు కూడా వెళ్ళవచ్చు. రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు ఉండదు.

కానీ పుండు ఆ తీర్పుల కోసం ఆగదు. మేము నాయనను ఫిర్యాదు తేలక ముందే మార్చాము. మార్చేటప్పుడు పాత చోటు వదిలే ముందు, కొత్త చోటు చేరిన వెంటనే, రెండుసార్లూ తల నుంచి మడమ దాకా ఒంటిని ఇరువైపుల వారి ఎదుట చూసి రాయించండి. లేకపోతే పుండు ఎక్కడిదన్న తగవు మిగులుతుంది. మందుల చీటీలు, చివరి రక్తపరీక్షలు, డాక్టరు రాసిన సారాంశం వెంట ఉండాలి. వీటితోపాటు మాట రాని మనిషి గురించి ఒక పేజీ రాసి మంచం తల దగ్గర అంటించండి. రెండవ ఆశ్రమంలో నేను అంటించిన కాగితంలో ఇలా ఉండేది: "ఈయనను పెద్దయ్యా అని పిలిస్తే పలుకుతారు. మెడ వంగదు, లాగవద్దు. నీళ్ళ గ్లాసు ఎడమ వైపు పెట్టాలి. చేప ముల్లు తీసి పెట్టాలి. రాగి సంగటి పలుచగా కలిపితే తింటారు. ఎడమ చేత్తో దుప్పటి గుంజుతుంటే మూత్రానికి అని అర్థం. రాత్రి దీపం ఆర్పవద్దు."